పదకొండో నంబరు చుక్క

పెద్ద సిస్టర్‌కి కోపం వస్తే నోరు మూతపడుతుంది, చేతులు మాట్లాడతాయి. ట్రేలు టకటకా సర్దుతుంది, దుప్పట్లు సర్రున లాగి మడుస్తుంది, కత్తెరని గిన్నెలో పడేస్తే వార్డు చివరిదాకా వినబడుతుంది. ఆ మంగళవారం పొద్దున్న ఎనిమిది కాకముందే ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో కత్తెర రెండుసార్లు మోగింది. నైట్ డ్యూటీ దిగుతున్న సిస్టర్లిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, సంచులు భుజాన వేసుకుని చల్లగా జారుకున్నారు.

సంగతి పదకొండో నంబరు మంచం దగ్గర మొదలైంది. ఆ మంచం మీద ఉన్న అమ్మాయికి పిత్తాశయంలో రాళ్ళు తీసి నాలుగు రోజులైంది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రంలో పని. తల్లులు ఆఫీసులకి వెళ్ళిపోతే ఇరవై మంది పిల్లలకి తినిపించి, మూతులు తుడిచి, జోకొట్టి పడుకోబెడుతుంది. ఆపరేషన్ అయిన మర్నాడే, మత్తు పూర్తిగా దిగకుండానే, పక్క మంచం పసివాడు ఏడిస్తే ఆమె చెయ్యి దానంతటదే తన దుప్పటిని జోకొట్టడం పెద్ద సిస్టర్ చూసింది. అప్పటినుంచీ ఆ అమ్మాయంటే కాస్త ఎక్కువ అభిమానం.

ఆ పొద్దున్న మాత్రం ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. పెద్ద సిస్టర్ తెర లాగి, ప్లాస్టర్ అంచు సెలైన్‌తో తడిపి, చర్మం లాగకుండా మెల్లగా ఊడదీసింది. గాయం బాగానే మానుతోంది.

"నొప్పిగా ఉందామ్మా?"

"లేదు."

"మరి రాత్రి అన్నం ముట్టలేదట?"

కొత్త గుడ్డ వేసి అతికిస్తూండగా గోడతో చెప్పినట్టు అంది ఆ అమ్మాయి. "మీరు మాటిచ్చారు సిస్టర్."

పెద్ద సిస్టర్ చేతులు ఆగిపోయాయి.

మాట ఇచ్చింది. నిజమే. ఆపరేషన్‌కి ముందు చేసే రక్తపరీక్షలో కామెర్ల వైరస్, బి రకం, ఉందని తేలిన రోజున ఇదే తెర లాగి, ఇదే స్టూలు మీద కూర్చుని చెప్పింది. అన్నం తినిపిస్తే రాదు, ఎత్తుకుంటే రాదు, ముద్దుపెట్టుకున్నా రాదు, రక్తం ద్వారానో, మొగుడూపెళ్ళాల మధ్యో తప్ప అంటదు అని. ఆ అమ్మాయి అన్నీ విని ఒక్కటే అడిగింది. "మా కేంద్రం మేడమ్‌కి తెలుస్తుందా?" "డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు, నీకు సూది వేసే సిస్టర్లకి తెలుసు. మీ ఆయనకి నువ్వే చెప్పుకో. అంతకుమించి ఇంకో ప్రాణికి తెలియదు" అంది పెద్ద సిస్టర్. ఆ రాత్రే ఆ అమ్మాయి మొగుడితో చెప్పుకుంది. మంచివాడు, మర్నాడే తనూ పరీక్ష చేయించుకుని టీకా వేయించుకున్నాడు.

"నిన్న సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. 'నీ ఆరోగ్యం ముఖ్యం, ఇంక రాకు' అంది. నేను బాగానే ఉన్నానండీ, పదిహేను రోజుల్లో వస్తానన్నాను. 'పిల్లల తల్లులు ఒప్పుకోరమ్మా, నువ్వే అర్థం చేసుకో' అంది. ఏం అర్థం చేసుకోను సిస్టర్? ఆదివారం ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చింది కదా చూడ్డానికి. అప్పుడు ఎవరో చెప్పారు. మీ వార్డులోవాళ్ళే చెప్పారు." ఇంతసేపటికి ఇటు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఎనిమిదేళ్ళు చేశాను అక్కడ. ఇంకెక్కడికి వెళ్ళినా ఎందుకు మానేశావని అడుగుతారు. ఏం చెప్పను?"

అప్పుడే కత్తెర గిన్నెలో పడింది.

పెద్ద సిస్టర్ వెనకాల వార్డులో ఆమెని 'ఇనప్పెట్టె' అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, లోలోపల ఇష్టం కూడా. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క రోగి మాట ఆమె నోటినుంచి బయటపడలేదు. పక్కింటావిడ ఇదే వార్డులో మూడు రోజులు పడుకుని వెళితే సొంత మొగుడితో కూడా చెప్పలేదు. ఆయన ఆరు నెలల తర్వాత వీధిలో విని వచ్చి, "నువ్వు మనిషివా, గోడవా?" అని అడిగాడు. అలాంటిది, తన వార్డులో, తను ఇచ్చిన మాటని ఎవరో పట్టుకెళ్ళి సంతలో పెట్టారు. కంచే చేను మేసింది. ఎవరు?

ముందుగా పొడుగు సిస్టర్‌ని పిలిచింది. పొడుగు సిస్టర్ వయసులో చిన్నది, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మందుల గదిలో ఆంపూల్స్ లెక్కపెడుతోంది.

"పదకొండు సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"నాకేం పనండీ? డ్యూటీ అప్పగింతల్లో కూడా మీరు చెప్పినట్టే, రోగం పేరు పైకి అనకుండా ఫైల్లో వేలు పెట్టి చూపించాను. కావాలంటే నైట్ వాళ్ళని అడగండి."

నైట్ వాళ్ళకి ఫోన్ చేసింది. నిద్రపోతున్నవాళ్ళని లేపి అడిగింది. లాబ్ టెక్నీషియన్‌ని అడిగితే అతను రిపోర్టు కవరు అతికించిన జిగురు చూపించి మరీ ఒట్టు పెట్టాడు. ఇంక మిగిలింది ఆయమ్మ.

ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఆసుపత్రి అంతటికీ తెలుసు. ఏ డాక్టరు ఏ డాక్టరుతో మాట్లాడ్డం లేదో, క్యాంటీన్లో ఎవరికి ఎందుకు విరేచనాలయ్యాయో, అన్నీ ఆమె దగ్గర దొరుకుతాయి. వార్డు మధ్యలో బకెట్టు పెట్టుకుని తడిగుడ్డ పిండుతోంది. పెద్ద సిస్టర్ వెళ్ళి ఎదురుగా నిలబడింది. తర్వాత తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది గానీ, ఆ క్షణంలో పక్కకి పిలుద్దామన్న ఆలోచనే రాలేదు.

"నీ నోటికి తాళం పడదా? ఒక ఆడకూతురు పొట్టమీద కొట్టావు. నీకేం ఒరిగింది?"

"ఏం చేశాను సిస్టరమ్మా?" ఆయమ్మ గుడ్డ పట్టుకునే లేచింది. నీళ్ళు మోచేతిదాకా కారుతున్నాయి.

"ఏం చేశావో నీకు తెలుసు. ఇంకా ఎవరెవరికి చెప్పావు?"

ఇరవై నాలుగు మంచాలమీద ఉన్నవాళ్ళూ, వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళూ తలలు ఎత్తి చూశారు. పన్నెండో నంబరు పక్కన ఉన్న అత్తగారయితే కోడలికి పాలు తాగిస్తున్న చెంచా గాల్లోనే ఆపేసింది.

"నా పిల్లల మీద ఒట్టు. నాకు ఆ అమ్మాయి రోగం ఏమిటో కూడా తెలియదు."

"ఒట్లు నా దగ్గర పెట్టకు. రేపటినుంచి నా వార్డులోకి రాకు. కింద లాండ్రీకి పంపించమని రాస్తాను."

రాసేసింది కూడా. సంతకం పెడుతుంటే పెన్ను కాగితాన్ని చింపింది. ఆయమ్మ బకెట్టు ఎత్తుకుని మెట్లమీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్ద సిస్టర్‌కి అప్పటికి కొంచెం ఊపిరి ఆడింది. దొంగని పట్టుకున్నాననుకుంది.

సాయంత్రం నాలుగింటికి టీ బాబాయ్ వచ్చాడు. అందరికీ బాబాయే. పెద్ద కెటిల్, తీగ బుట్టలో కడిగిన స్టీలు గ్లాసులు, చంకలో ప్లాస్టిక్ సంచి. ఒకటో మంచం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కళ్ళకీ పోసుకుంటూ వస్తాడు. పోసేముందు మంచం కాళ్ళవైపు ఒకసారి చూస్తాడు. పెద్ద సిస్టర్ కౌంటరు దగ్గర చార్టులు రాస్తూ ఆ చప్పుడు రోజూ వింటుంది. తల ఎత్తదు. ఆ రోజు పదకొండో నంబరు మీదే మనసు ఉండబట్టి తల ఎత్తి చూస్తోంది.

తొమ్మిదికి స్టీలు గ్లాసు. పదికి స్టీలు గ్లాసు. పదకొండు దగ్గర బాబాయ్ బుట్ట కింద పెట్టి, చంకలోని సంచిలోంచి కాగితం కప్పు తీసి, అందులో పోసి, స్టూలు మీద పెట్టి, చెయ్యి గభాలున వెనక్కి తీసుకున్నాడు. పన్నెండుకి మళ్ళీ స్టీలు గ్లాసు.

కాగితం కప్పులు ఆమెకి కొత్త కాదు. రోజూ చెత్తబుట్టలో చూస్తూనే ఉంది. గ్లాసులు చాలక కాబోలు అనుకునేది. లేచి వెళ్ళింది.

"బాబాయ్, పదకొండుకి కాగితం కప్పు ఎందుకు?"

"చుక్క ఉంది కదా సిస్టరమ్మా."

"ఏ చుక్క?"

బాబాయ్ ఆమె తమాషా చేస్తోందేమోనని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మంచం కాళ్ళవైపు కడ్డీకి తగిలించిన కార్డు చూపించాడు. పైన నంబరు, కింద వయసు, డాక్టరు పేరు. మూలన చిటికెన వేలి గోరంత ఎర్ర చుక్క.

"ఎవరు చెప్పారు నీకు, ఆ చుక్క ఉంటే రోగం అంటుకుంటుందని?"

"ఎవరూ చెప్పలేదమ్మా. చుక్క ఉన్న మంచం దగ్గరికొచ్చినప్పుడే కదా మీరందరూ చేతులకి తొడుగులేసుకునేది. మిగతావాళ్ళని ఊరికే ముట్టుకుంటారు. ఆరేళ్ళనుంచి చూస్తున్నాను, నాకు కళ్ళు లేవా? పిల్లలుగలవాణ్ణి, నా జాగ్రత్తలో నేనుంటాను."

"మాకు మొదటి రోజే అర్థమైందమ్మా," అంది పన్నెండో నంబరు అత్తగారు, పరీక్ష పాసైనదానిలా. "ఆదివారం ఆ ఆపిల్ పళ్ళావిడ మంచమ్మీదే కూర్చోబోతుంటే పాపం అని నేనే చెప్పాను. ఆ చుక్కవాళ్ళకి టీ కూడా వేరే కప్పులో పోస్తారు, కాస్త ఎడంగా కూర్చోండి తల్లీ అని. మంచికే చెప్పాను."

పెద్ద సిస్టర్ కార్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చుక్క ఆమెదే. ఆరేళ్ళ క్రితం దాకా కార్డు మీద రోగం పేరు ఎర్ర సిరాతో రాసేవాళ్ళు. వచ్చిన చుట్టం ప్రతివాడూ చదువుకుని వెళ్ళేవాడు. అక్షరాలైతే చదువుతారు, చుక్కని ఎవడు చదువుతాడు అని ఆమే ఎర్ర చుక్కల కాగితం కొనుక్కొచ్చి మొదటి చుక్క అతికించింది. మేట్రన్ మెచ్చుకుని ఆసుపత్రి అంతటా పెట్టించింది. కార్డు బయటివైపు తిరిగి వేలాడుతుంది. తుడిచేవాళ్ళకి కనబడుతుంది, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కనబడుతుంది, టీ పోసేవాడికి కనబడుతుంది. మంచం మీద పడుకున్న మనిషికి తప్ప లోకంలో అందరికీ కనబడుతుంది.

ఇనప్పెట్టెకి తాళం వేసి, తాళంచెవి దాని నెత్తినే పెట్టి, ఆరేళ్ళు కాపలా కాసింది. ఆమెకి తన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు ఇంటికి వెళ్ళాక చప్పుడు చేయడానికి ట్రేలు లేక వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆరేళ్ళలో ఎన్ని చుక్కలు పెట్టి ఉంటుంది? ఎంతమంది ఇళ్ళకి వెళ్ళాక వేరే కంచంలో తిన్నారో, ఎందుకో తెలియకుండానే.

బుధవారం పొద్దున్నే లాండ్రీకి వెళ్ళి ఆయమ్మని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది. సరిగ్గా వార్డు మధ్యలో, బకెట్టు పెట్టిన చోటే నిలబెట్టింది.

"నిన్న నిన్ను అందరిముందూ తిట్టాను. అందరిముందూ చెబుతున్నాను, తప్పు నాది. నువ్వు ఏమీ అనలేదు."

ఆయమ్మ తల వంచుకుని కాసేపు గాజులు తిప్పుకుంది. "నా నోరు మంచిది కాదు సిస్టరమ్మా, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏ పుండు ఎక్కడ గెలకకూడదో నాకూ తెలుసు. మీరు అడిగుండాల్సింది."

మేట్రన్ గదిలో ఫ్యాను తిరుగుతోంది, గోడమీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు ఉన్నాయి. పెద్ద సిస్టర్ సంగతంతా చెప్పింది. మేట్రన్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"చుక్క తీసేస్తే మన నర్సు పిల్లల గతేమిటి? ఎవరికి ఏముందో తెలియకుండా చేతులు పెట్టమంటావా?"

"అందరికీ గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుంది మేడమ్. పుస్తకంలో అదే ఉంది కదా."

"పుస్తకంలో చాలా ఉంటాయి. స్టోర్ వాడు చుక్కకి ఒక డబ్బా చొప్పున ఇస్తాడు. మీ వార్డుకి చుక్కలు మూడు, డబ్బాలు మూడు. ఇరవై నాలుగు డబ్బాలు ఎక్కడినుంచి తేను?"

ఆ మాట విన్నాక పెద్ద సిస్టర్ చెవులు వేడెక్కాయి. తను రహస్యం దాచడానికి పెట్టిన చుక్క, ఎప్పుడు మారిందో ఏమో, తొడుగులు మిగుల్చుకునే ఉపాయమై కూర్చుంది. రహస్యమూ మిగల్లేదు.

వార్డుకి తిరిగొచ్చేసరికి పొడుగు సిస్టర్ దారికి అడ్డంగా నిలబడింది. ఆసుపత్రిలో వార్త ఆయమ్మ లేకపోయినా బాగానే నడుస్తుంది.

"చుక్కలు తీసేస్తారట కదండీ? మీకేం, మీరు పెద్దవాళ్ళు. పోయినేడు నాకు సూది గుచ్చుకుంటే ఆర్నెల్లు పరీక్షలకి తిరిగాను. అమ్మకి కూడా చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. వాళ్ళ పరువేనా? మా ప్రాణాలు ప్రాణాలు కావా?"

అబద్ధపు కోపం కాదు అది. పెద్ద సిస్టర్ ఆ పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

"నీకు గుచ్చుకున్న సూది ఎవరిది తల్లీ?"

"రాత్రి అర్జంటుగా వచ్చిన ఆవిడది."

"చుక్క ఉందా ఆవిడకి?"

"లేదు. అప్పటికి రిపోర్టే రాలేదు."

"చుక్క లేదు కాబట్టి నువ్వు ఉత్తచేతులతో వెళ్ళావు. అంతేనా?"

ఆ పిల్ల తన వేళ్ళు చూసుకుంది. ఆపైన లేచి మందుల ట్రే సర్దుకుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఇంకా మిగిలే ఉంది. మధ్యాహ్నం తెర లాగి పదకొండో నంబరు పక్కన కూర్చుంది. కార్డు విప్పి తీసుకొచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఎర్ర చుక్క సంగతి మొత్తం చెప్పింది, దాన్ని మొదలుపెట్టింది తనేనని కూడా. ఏమీ మిగుల్చుకోలేదు. ఆ అమ్మాయి కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్ని రోజులూ ఇది నా కాళ్ళ దగ్గర ఉందా?"

"ఉంది."

"టీ కాగితం కప్పులో ఇస్తుంటే, ఆపరేషన్ అయినవాళ్ళకి అలా ఇస్తారేమో, శుభ్రం కాబోలు అనుకున్నాను." నవ్వబోయింది, కుట్లు లాగి ఆగిపోయింది. "మీరు నోరు విప్పలేదు సిస్టర్, నిజమే. వేలు పెట్టి చూపించారు."

"అవును."

"మా మేడమ్‌కి మీరు ఫోన్ చేసి చెప్పండి. పిల్లలకి ఏమీ కాదని చెప్పండి. డాక్టరు మాటగా చెప్పండి."

పెద్ద సిస్టర్ ఆ సంగతి అప్పటికే రాత్రంతా ఆలోచించి ఉంది. "చెప్పగలను. కానీ 'ఆ జబ్బు పిల్లలకి అంటదు' అన్నానంటే, జబ్బు ఉందని నేనే ఒప్పుకున్నట్టు. ఇప్పటిదాకా ఆవిడకి ఉన్నది అనుమానం. నేను ఫోన్ చేస్తే అది రుజువవుతుంది. నువ్వు సరే అంటే ఈ నిమిషమే చేస్తాను."

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. "అంటే చెడగొట్టడానికి మాట అక్కర్లేకపోయింది. బాగుచేయడానికి మాత్రం మాటే ఉండాలి, ఆ మాట అనకూడదు. బాగుందండీ." కార్డు తిరిగి ఇచ్చేసి గోడవైపు తిరిగింది. "వద్దులెండి. చెయ్యకండి."

గురువారం పెద్ద సిస్టర్ ఆరింటికే డ్యూటీకి వచ్చింది. సొరుగులోంచి ఎర్ర చుక్కల కాగితాలు తీసింది. ఒకటో మంచం కార్డు మీద ఒక చుక్క, రెండో దాని మీద ఒక చుక్క. తడి చేతుల్తో ఆయమ్మ వచ్చి చూసింది, ఏమీ అడగలేదు. చేతులు తుడుచుకుని అవతలి వరసనుంచి మొదలుపెట్టింది. పెద్ద సిస్టర్ ఒకటి అతికించేలోపు ఆమె రెండు అతికిస్తోంది. ఏడయ్యేసరికి ఇరవై నాలుగు మంచాలకీ ఇరవై నాలుగు చుక్కలు. తర్వాత స్టోర్ కాగితం తీసి, 'చుక్కలు' అన్న చోట ఇరవై నాలుగు అని రాసి సంతకం పెట్టింది. ఈసారి పెన్ను కాగితాన్ని చింపలేదు.

స్టోర్ నుంచి ఫోన్ వచ్చింది. "సిస్టరూ, ఇరవై నాలుగేమిటి? వార్డు మొత్తం అంటుకుందా?"

"పైకి వచ్చి లెక్కపెట్టుకో. ఒక్కటి తక్కువున్నా నన్నడుగు."

పన్నెండో నంబరు అత్తగారు నిద్రలేచి, పళ్ళు తోముకుని వచ్చి, కోడలి కార్డు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో, మా పిల్లకేం రోగం! నిన్నటిదాకా లేదే! అపెండిక్స్ అన్నారు కదమ్మా, అపెండిక్స్‌కి చుక్కేమిటి?"

"అందరికీ ఉంది, చూసుకోండి పిన్నిగారూ."

ఆవిడ వార్డంతా ఒక చుట్టు తిరిగి వచ్చి మెదలకుండా కూర్చుంది.

మేట్రన్ తొమ్మిదింటికి రౌండుకి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. పొడుగు సిస్టర్ మూడో నంబరుకి సూది వేస్తోంది, చేతులకి తొడుగులు. వేసేసి, అవి తీసి పారేసి, చేతులు కడుక్కుని, కొత్తవి వేసుకుని నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళింది.

"ఇదేమిటిది?" అంది మేట్రన్ పళ్ళమధ్య నుంచి.

"మీ పద్ధతే మేడమ్. చుక్క ఉన్నవాళ్ళకి గ్లవ్స్."

"నేను తీసేయమంటే?"

"తీసేస్తాను. ఇరవై నాలుగూ తీసేస్తాను. పదకొండో నంబరుది కూడా. ఏదైనా సరే, అందరికీ ఒకటే."

మేట్రన్ ఆమెని ఎగాదిగా చూసింది. "మెమో వస్తుంది నీకు."

"ఇవ్వండి. సంతకం పెట్టి తీసుకుంటాను."

పదకొండో నంబరు డిశ్చార్జి కాగితాలు తయారయ్యేసరికి పదకొండు దాటింది. మొగుడు బండి తేవడానికి వెళ్ళాడు. అప్పుడే పిల్లల కేంద్రం మేడమ్ వచ్చింది. ఈసారి చేతిలో ఆపిల్ పళ్ళు లేవు, గుడ్డసంచి ఉంది. అందులో ఆ అమ్మాయి పనిలో వేసుకునే చెప్పులు, ఏప్రను, అన్నం డబ్బా. ఎనిమిదేళ్ళ సామాను ఒక సంచిలో సరిపోయింది. మేడమ్ ముందుగా కౌంటరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"సిస్టర్, మీరైనా చెప్పండి. ఆ అమ్మాయికి ఏముంది? నా దగ్గర ఇరవైమంది పసివాళ్ళున్నారు. నేను అడక్కూడదా?"

"మీరు అడగొచ్చు. నేను చెప్పకూడదు. ఈ వార్డులో ఎవరి గురించి అడిగినా ఇదే చెబుతాను. రేపు మీరు ఇక్కడ పడుకుంటే, మీ గురించి ఎవరైనా అడిగినా ఇదే చెబుతాను."

"అంటే ఏదో ఉన్నట్టే కదా? ఆ ఎర్ర చుక్క…"

"చుట్టూ చూడండి."

మేడమ్ చూసింది. ఒకటి, రెండు, మూడు. మంచాల వరస వెంట ఆమె చూపు మెల్లగా నడిచింది. పన్నెండు దగ్గర ఆగింది. "ఆవిడే కదా నాకు చెప్పింది, చుక్క ఉంటే…"

"నాకేం తెలుసమ్మా!" అంది అత్తగారు గబగబా, కోడలి కార్డుకి అడ్డంగా కొంగు పట్టి. "నాకేం తెలియదు. నేనేదో మాటవరసకన్నాను."

మేడమ్ మొహం ఎర్రబడింది. వెళ్ళి పదకొండో నంబరు పక్కన నిలబడి, సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పొరపాటు పడ్డానేమోనమ్మా. అంతా అలా చెప్పేసరికి… రెండు వారాలు ఇంట్లో ఉండి, ఆ పై సోమవారం వచ్చెయ్. పిల్లలు కూడా అడుగుతున్నారు. చిన్న బుజ్జిగాడు నీ చేతితో అయితే తప్ప తిననని మారాం చేస్తున్నాడు."

ఆ అమ్మాయి సంచి అందుకుంది.

మేట్రన్ రౌండు మూలంగా ఆలస్యమైన పొద్దుటి టీ అప్పుడు వచ్చింది. బాబాయ్ ఒకటో మంచం దగ్గరే కెటిల్ పట్టుకుని దిక్కులు చూశాడు. సంచిలో ఉన్న కాగితం కప్పులు ఆరు. చుక్కలు చూస్తే ఇరవై నాలుగు.

"ఎవరికి ఏ గ్లాసు సిస్టరమ్మా?"

"ఉన్నవి కడిగినవే కదా? అందరికీ అవే."

బాబాయ్ గొణుక్కుంటూ పోశాడు. పదకొండు దగ్గర రెండు గ్లాసులు నింపాడు, ఒకటి ఆ అమ్మాయికి, ఒకటి మేడమ్‌కి. ఆ అమ్మాయి ఊదుకుని తాగింది. మేడమ్ గ్లాసు పట్టుకుని కాసేపు పిల్లల కబుర్లు చెప్పింది, చల్లారనివ్వాలన్నట్టు తిప్పింది, ఆపైన టైము చూసుకుని, "వెళతానమ్మా, జాగ్రత్త" అని, గ్లాసుని స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. టీ నిండుగా అలాగే ఉంది. చూస్తూండగానే మీద మీగడ కట్టింది.

పెద్ద సిస్టర్ ఆ గ్లాసు చూసింది. ఆ అమ్మాయి కూడా చూసింది.

"ఆవిడ నమ్మలేదు సిస్టర్."

"లేదు."

"అయినా వెళతాను. ఆవిడ కోసం కాదు, పిల్లల కోసం. ఆవిడ రోజూ నా చేతులవంక చూస్తుంది. చూడనీ. నేను వాటితోనే తినిపిస్తాను." చెప్పులు వేసుకుని మెల్లగా లేచి, పొట్టమీద చెయ్యి ఆన్చుకుని మంచం కాళ్ళవైపుకి నడిచింది. తన కార్డు తనే విప్పింది. గోటితో చుక్కని గీకి ఊడదీసింది. దానితోపాటు కాగితం పైపొర కూడా లేచి తెల్లగా గుండ్రటి మచ్చ పడింది.

"మిమ్మల్ని క్షమించాననుకోకండి" అంది.

"అనుకోను."

ఆ అమ్మాయి పెద్ద సిస్టర్ కుడిచెయ్యి అందుకుని, ఎర్ర చుక్కని చేతి వెనకవైపు పెట్టి, బొటనవేలితో నొక్కి అతికించింది. తర్వాత సంచి తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా వార్డు గుమ్మం దాటింది.

పెద్ద సిస్టర్ కుళాయి దగ్గరికి వెళ్ళి, గోడమీద బొమ్మల్లో ఉన్నట్టే, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు రుద్ది రుద్ది కడుక్కుంది. చుక్క అంచులు తడిసి ముడతపడ్డాయి, ఊడలేదు. ఆమె పీకలేదు. తుడుచుకుని, దానిమీంచే తొడుగు వేసుకుని, పదమూడో నంబరు కట్టు మార్చడానికి వెళ్ళింది.